సముద్రం పక్కన ఉన్న ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్: కరోనా టైంలో కొన్నాం, ఇన్నేళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

ముందు వస్తువేంటో చెప్పేస్తాను. ఇంట్లో ఒకచోట నిలబెట్టి తొక్కే సైకిల్ ఇది, నిటారుగా కూర్చుని తొక్కే రకం, లోపల మ్యాగ్నెట్‌తో టైట్ అయ్యే మోడల్, హ్యాండిల్ కింద తొక్కే బరువు పెంచే, తగ్గించే నాబ్ ఉంటుంది, దాని మీద 1 నుంచి 8 దాకా నంబర్లు. 2020 జూన్‌లో లాక్‌డౌన్ సడలించి షాపులు తీశాక డాబాగార్డెన్స్ వైపు ఒక షాపులో కొన్నాం, తొమ్మిది వేల చిల్లర పడింది. కంపెనీ పేరు రాయట్లేదు, ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదు, పైగా నేను చెప్పేవన్నీ ఈ రేంజ్‌లో ఏ సైకిల్ కొన్నా పనికొచ్చేవే. నా రేటింగ్ 5కి 4. ఆ పోయిన ఒకటి ఎందుకు పోయిందో కింద వివరంగా రాశాను, వైజాగ్‌లో ఉండేవాళ్లు ఆ భాగం మాత్రం వదలకుండా చదవండి.

ఇంట్లో ఐదుగురం. మావయ్యగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మా ఆయనా నేనూ ఉద్యోగాలు, ఒక బాబు. లాసన్స్ బే కాలనీలో రెండో అంతస్తు, బాల్కనీలో నిలబడితే సముద్రం గాలి మొహానికి కొడుతుంది.

అసలు ఇది ఎందుకు కొన్నామంటే మావయ్యగారి కోసం. ఆయన రిటైరైన దగ్గర్నుంచీ తెల్లారకముందే లేచి బీచ్ రోడ్డుకి వెళ్లిపోవడం, కాళీమాత గుడి దగ్గర ఫ్రెండ్స్‌ని కలుసుకుని కురుసుర సబ్‌మెరీన్ దాటి నడిచి, కబుర్లు చెప్పుకుని, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్లు పట్టుకుని రావడం, ఇదీ ఆయన రోజు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు, 25 నుంచి లాక్‌డౌన్, బీచ్ మూసేశారు, అరవై ఐదు దాటినవాళ్లు గడప దాటొద్దన్నారు. అంతే, మనిషి సోఫాలో కూర్చుండిపోయారు. పొద్దున్న లేస్తే టీవీలో కేసులు, రాత్రి పడుకోబోయే ముందు కూడా కేసులే. దానికి తోడు మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ గ్యాస్ లీక్ అయింది, అది మాకు చాలా దూరమే గాని ఆ రోజంతా ఫోన్లలో వచ్చిన వీడియోలు చూసి ఇంట్లో ఒక్కరికీ అన్నం సయించలేదు. ఆ తర్వాత మావయ్యగారికి రాత్రి పూట నిద్ర పట్టేది కాదు, రెండింటికి లేచి హాల్లో తిరుగుతూ ఉండేవారు, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి బాబు ఆన్‌లైన్ క్లాసు సౌండ్‌కి కూడా విసుక్కునేవారు, పరగడుపు షుగర్ చూస్తే ఎప్పుడూ లేనంత ఎక్కువ. తిండి మారలేదు, మందులు మారలేదు, మారింది ఒక్క నడకే.

డాబా మీద నడవమన్నాం, నడిచారు కూడా, కానీ మే నెల వైజాగ్ ఉక్కపోత మీకు తెలిసిందే కదా, పొద్దున్న ఏడు దాటితే చాలు బనీను తడిసి ఒంటికి అతుక్కుపోతుంది, పైగా పక్క ఫ్లాట్లవాళ్లు కూడా అక్కడికే వస్తారు, ఆ టైంలో మనిషిని చూస్తే మనిషికి భయం. ట్రెడ్‌మిల్ గురించి ఆలోచించాం గాని రేటు బాగా ఎక్కువ, కింద ఫ్లాట్‌వాళ్ల నెత్తి మీద దబదబ శబ్దం, పెద్దాయన తూలి పడతారేమోనన్న భయం ఒకటి. సైకిల్ అయితే కూర్చునే ఉంటారు, ఆపాలంటే కాళ్లు ఆపితే చాలు, ఫ్యాన్ కింద పెట్టుకోవచ్చు, కరెంటు అక్కర్లేదు, డిస్‌ప్లేకి రెండు పెన్సిల్ సెల్స్ చాలు.

ఇప్పుడు సైకిల్ సంగతి. ఈ సైకిళ్లలో రెండు రకాలుంటాయి, చక్రానికి ఫెల్ట్ ప్యాడ్ ఒరుసుకుని టైట్ అయ్యేవి ఒకటి, మ్యాగ్నెట్ దగ్గరికి జరిగితే టైట్ అయ్యేవి ఒకటి. మొదటి రకం రెండు మూడు వేలు తక్కువకే వస్తుంది గాని వద్దండి, మా వదినగారింట్లో అదే ఉంది, అరగంట తొక్కితే ప్యాడ్ వేడెక్కి ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ మాడినట్టు వాసన, కొన్నాళ్లకి కీచుమని చప్పుడు, ప్యాడ్ అరిగిపోతే మార్చాలి. మ్యాగ్నెట్ రకంలో చక్రానికి ఏదీ తగలదు, అందుకే శబ్దం లేదు, అరుగుదల లేదు. మావయ్యగారు తొక్కుతుంటే పక్క గదిలో నేను ఆఫీసు కాల్ మాట్లాడుకునేదాన్ని, అవతలివాళ్లకి వినపడేది కాదు. ఈ ఒక్క విషయానికే నేను ఆ ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టమంటాను.

సీటు వెడల్పుగానే ఉంది గాని గట్టిది, పావుగంట దాటితే నొప్పి పెడుతుంది, పైన మెత్తటి కవర్ ఒకటి విడిగా కొనుక్కోవాల్సిందే. సీటు ఎత్తు మాత్రం దయచేసి సరిగ్గా పెట్టుకోండి, పెద్దవాళ్లు కాళ్లు నేలకి అందాలని కిందకి దించేసుకుంటారు, అప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుని బరువంతా దాని మీదే పడుతుంది. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ని బాగా కిందకి తెస్తే కాలు తిన్నగా ఉండాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది. అత్తయ్యగారికి అలా పెట్టాకే సుఖంగా ఉంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి నడక కంటే ఇది నయం, శరీరం బరువు సీటు మోస్తుంది కాబట్టి కీలు మీద దెబ్బ పడదు, తొడ కండరం మాత్రం గట్టిపడుతుంది, ఆ కండరమే కదా మోకాలిని పట్టుకుని ఉంచేది. ఆవిడ మొదట "ఈ వయసులో నాకు సైకిలేంటమ్మా, నలుగురూ నవ్వుతారు" అన్నారు, బయటికి వెళ్లే పని లేదు కాబట్టి చూసేవాళ్లూ లేరు, చీర కుచ్చిళ్లు అడ్డం వస్తున్నాయని పంజాబీ డ్రెస్ వేసుకుని మొదలుపెట్టారు. నంబర్ 2 దాటలేదు, దాటక్కర్లేదు కూడా. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశారు, అది నా కళ్లతో చూశాను.

మావయ్యగారి షుగర్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మనం తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది, దాన్ని కండరంలోకి పంపడానికి మామూలుగా ఇన్సులిన్ కావాలి, కానీ కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది, కాళ్లలో ఉన్నవి ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు, అందుకే తొక్కితే షుగర్ దిగుతుంది. ఆ తర్వాత కూడా ఇన్సులిన్ ఇంకాస్త బాగా పనిచేస్తుంది, ఆ గుణం ఒక రోజు పైన ఉంటుంది గాని వారం ఉండదు, కాబట్టి ఆదివారం ఒక్కరోజే గంటన్నర తొక్కడం కంటే రోజూ కాసేపు తొక్కడమే మేలు. మావయ్యగారు పొద్దున్న ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక కాసేపు ఆగి నెమ్మదిగా ఒక పదిహేను నిమిషాలు తొక్కేవారు. కొన్నాళ్లకి షుగర్ పాత లెక్కలకి వచ్చింది. ఇన్సులిన్ గాని షుగర్ బాగా దించే మాత్రలు గాని వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి, తొక్కేటప్పుడు పక్కన చక్కెర గాని గ్లూకోజ్ బిస్కెట్ గాని పెట్టుకోండి, షుగర్ డౌన్ అయితే కళ్లు తిరిగి సీటు మీద నుంచి పడిపోతారు.

డిస్‌ప్లే మీద వచ్చే క్యాలరీలు నమ్మొద్దు. తొక్కుతున్న మనిషి బరువెంతో దానికి తెలీదు, మా బాబు తొక్కినా మా ఆయన తొక్కినా ఒకటే లెక్క చూపిస్తుంది. హ్యాండిల్ మీద పల్స్ చూసే రేకులున్నాయి, చెయ్యి చెమట పడితే ఏదో అంకె వస్తుంది. ఇంకో సంగతి, బీపీకి ఎటెనోలోల్, మెటోప్రొలోల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి కష్టపడ్డా పల్స్ అంతగా పెరగదు, కాబట్టి పల్స్ చూసి ఇంకా గట్టిగా తొక్కేస్తే ప్రమాదం. తేలికైన కొలత ఒకటుంది, తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అప్పుడు సరిపడా కష్టపడుతున్నట్టు. మాట కూడా రావట్లేదంటే నాబ్ తగ్గించండి.

ఎంతసేపు తొక్కాలి అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సరిగ్గా ఆ కరోనా మధ్యలోనే 2020 నవంబర్‌లో కొత్త గైడ్‌లైన్స్ ఇచ్చింది, పద్దెనిమిది దాటినవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు మామూలు కష్టంతో, లేదంటే 75 నుంచి 150 నిమిషాలు గట్టి కష్టంతో, దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలం ఇచ్చే పని. అంతకుముందు, ఒక్కోసారి కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అనేవాళ్లు, 2020లో ఆ రూల్ తీసేశారు, ఐదు నిమిషాలు తొక్కినా లెక్కలోకి వస్తుందన్నమాట. నాకు ఇది చాలా ఉపయోగపడింది, కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు కాసేపు, మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య కాసేపు. పిల్లలకైతే రోజుకి గంట అన్నారు గాని ఈ సైకిల్ పిల్లల కోసం కాదు, సీటు ఎంత దించినా బాబుకి పెడల్ సరిగ్గా అందదు, వాడికి స్కిప్పింగ్ తాడు కొనిచ్చాం.

మనసు సంగతి రాయకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది, ఆ అంకె చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, మా ఇంట్లోనే చూశాను కదా. నాకు సాయంత్రం అయ్యేసరికి గుండె దడ, రేపు ఎవరికి జ్వరం వస్తుందో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఊళ్లో అమ్మావాళ్లు ఎలా ఉన్నారో. తొక్కేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టాలని మేం ఒక రూల్ పెట్టుకున్నాం, అందరూ పాటించాం. ఇరవై నిమిషాలు గట్టిగా తొక్కి చెమట పట్టాక ఆ దడ తగ్గేది, శ్వాస లోతుగా వచ్చేది, ఆ రాత్రి నిద్ర పట్టేది. వ్యాయామం చేస్తే మెదడులో ఎండార్ఫిన్ల లాంటివి విడుదలవుతాయని, నిద్ర మెరుగవుతుందని, ఆందోళన తగ్గుతుందని డాక్టర్లు చెప్పేదే, అది ఒంటికి తెలియడం వేరు. డిప్రెషన్ ఎక్కువగా ఉన్నవాళ్లకి సైకిలొక్కటే సరిపోతుందని నేను అనను, వాళ్లకి డాక్టర్ కావాలి, మందులు కావాలి, మంచం మీద నుంచి లేవలేని మనిషిని పట్టుకుని లేచి తొక్కు అనడం క్రూరం. కానీ మాలాగా భయంతో, కదలకుండా కూర్చోవడంతో పాడైన మనసులకి ఇది నిజంగా పనిచేసింది.

2021 ఏప్రిల్‌లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది, అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో కోవిడ్ వచ్చిన 48,440 మంది పాత రికార్డులు చూశారు, అంతకుముందు రెండేళ్లుగా వ్యాయామం అలవాటే లేనివాళ్లకి, వారానికి 150 నిమిషాలు పైన చేసేవాళ్లతో పోలిస్తే ఆసుపత్రిలో చేరే అవకాశం 2.26 రెట్లు, చనిపోయే అవకాశం 2.49 రెట్లు ఎక్కువగా కనిపించింది. దీన్ని పట్టుకుని సైకిల్ తొక్కితే కరోనా రాదు అనుకోకూడదు, ఇది వచ్చినవాళ్ల మీద చేసిన లెక్క, వ్యాయామం చేసేవాళ్లు మిగతా విషయాల్లో కూడా జాగ్రత్తగా ఉండి ఉండొచ్చు. వైరస్ ఎవరికైనా వస్తుంది, వ్యాక్సిన్ వ్యాక్సినే, మాస్కు మాస్కే. మాకూ వచ్చింది.

సెకండ్ వేవ్‌లో, 2021 మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు పొద్దున్న 6 దాకా కర్ఫ్యూ పెట్టిన రోజులవి. మా ఆయనకి ముందు, తర్వాత మావయ్యగారికి. అంబులెన్స్ సౌండ్ వినపడితే గదుల్లో అందరం మాటలు ఆపేసేవాళ్లం. మావయ్యగారి బీచ్ వాకింగ్ గ్రూపులోంచి ఇద్దరు పోయారు, ఆయనకి ఆ సంగతి చాలారోజులు చెప్పలేదు. ఆ టైంలో సైకిల్ మీద గుడ్డ కప్పేశాం, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి, జ్వరం ఉండగా, ఆక్సిజన్ తగ్గుతుండగా ఏ వ్యాయామమూ చెయ్యకూడదు, గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. అప్పట్లో ఆరు నిమిషాల నడక టెస్ట్ చెప్పేవాళ్లు, వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని గదిలో ఆరు నిమిషాలు నడిచి, ఆక్సిజన్ 94 కంటే కిందకి పడితే వెంటనే డాక్టర్‌కి చూపించుకోమని, అది వ్యాయామం కాదు, పరీక్ష మాత్రమే.

తగ్గాక మళ్లీ ఎప్పుడు ఎక్కాలి అన్నదే పెద్ద ప్రశ్న. లక్షణాలన్నీ పోయాక కనీసం ఒక వారం ఆగమన్నారు డాక్టర్‌గారు, మావయ్యగారికి వయసు, షుగర్ ఉన్నాయి కాబట్టి ఈసీజీ తీయించాకే సరే అన్నారు. నంబర్ 1 మీద ఐదు నిమిషాలతో మొదలు. ఛాతీలో నొప్పి, గుండె దడ, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే ఆపేసి చూపించుకోమన్నారు. ఇంకోటి, కొంతమందికి కోవిడ్ తర్వాత కొంచెం కష్టపడ్డా మర్నాడో ఆ మర్నాడో మంచం పట్టేంత నీరసం వస్తుంది, అలాంటివాళ్లు పట్టుదలగా రోజూ పెంచుకుంటూ పోతే ఇంకా పాడవుతుంది, వాళ్లు ఓపిక ఉన్నంతలోనే ఆగాలి. మా ఆయనకి అదే జరిగింది, వయసులో చిన్నవాడైనా మావయ్యగారికంటే ఆలస్యంగా తేరుకున్నాడు. ఈ సైకిల్‌లో నంబర్ 1 నిజంగా తేలిగ్గా ఉండడం అప్పుడు బాగా కలిసొచ్చింది, కొన్ని సైకిళ్లలో మొదటి నంబరే బరువుగా ఉంటుంది, కొనేటప్పుడు ఎక్కి తొక్కి చూడండి.

ఇక ఆ పోయిన ఒక మార్కు. తుప్పు. షాపువాళ్లు ఫ్రేముకి రెండేళ్ల వారంటీ అన్నారు గాని తుప్పు వారంటీలోకి రాదని ఫోన్ పెట్టేశారు, సర్వీసుకి మనిషిని పంపిస్తామని ఒక్కసారీ పంపలేదు. ఫ్రేము మీద పెయింట్ ఉంది కాబట్టి దానికేం కాలేదు, సీటు కింద మెరిసే రాడ్డు, హ్యాండిల్ బోల్టులు, పెడల్ ఇరుసు, వీటన్నిటికీ మొదటి వర్షాకాలం దాటకముందే ఎర్రగా మచ్చలు వచ్చేశాయి. సీటు రాడ్డు ఒకసారి లోపల బిగుసుకుపోయి ఎత్తు మార్చడం కుదరలేదు, అత్తయ్యగారికీ మా ఆయనకీ ఒకటే ఎత్తంటే ఎలా, పెదవాల్తేరులో మామూలు సైకిళ్లు బాగుచేసే ఆయన్ని పిలిస్తే వచ్చి నూనె పోసి, తట్టి, తీసి, శుభ్రం చేసి పెట్టారు, తీసుకున్నది రెండు వందలు. ఆయనే చెప్పారు, ఎడమవైపు పెడల్‌కి మరలు ఉల్టా ఉంటాయని, మామూలుగా బిగించే వైపు తిప్పితే అది ఊడిపోతుందని, ఇంట్లో బిగించుకునేవాళ్లు ఇది తెలీక మరలు పాడుచేసుకుంటారట. అప్పట్నుంచీ మేం చేసేది ఇదీ: తొక్కిన వెంటనే పొడి గుడ్డతో తుడవడం, ఎందుకంటే చెమటలో కూడా ఉప్పే ఉంటుంది, నెలకోసారి కుట్టు మిషన్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డకి అద్ది రాడ్డుకీ బోల్టులకీ రాయడం, బాల్కనీలో అస్సలు పెట్టకపోవడం, వాడనప్పుడు సెల్స్ తీసేయడం, లేకపోతే డిస్‌ప్లే లోపలి స్ప్రింగులకి పచ్చగా పడుతుంది. గాజువాక, పెందుర్తి వైపు ఉండేవాళ్లకి ఇంత బాధ ఉండకపోవచ్చు, బీచ్‌కి దగ్గరున్నవాళ్లు మాత్రం ఇవి తప్పకుండా చెయ్యండి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ ఎమర్జెన్సీ అయిపోయిందని చెప్పేనాటికి మావయ్యగారు ఎప్పుడో మళ్లీ బీచ్‌కి వెళ్లడం మొదలుపెట్టేశారు. నా అభిప్రాయం అడిగితే అదే మంచిది, సముద్రం ముందు నలుగురితో కలిసి నడవడంలో ఉన్నది ఏ మెషీన్‌లోనూ లేదు, ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్స్, శివాజీ పార్క్, బీచ్ రోడ్డు దగ్గర్లో ఉండి కాళ్లు బాగున్నవాళ్లు తొమ్మిది వేలు పెట్టి ఇది కొనక్కర్లేదు. వానలప్పుడు, తుఫాను హెచ్చరికలప్పుడు, ఇంట్లో ఎవరికైనా జలుబు చేసి బయటికి వెళ్లడం బాగోనప్పుడు ఆయన ఇప్పటికీ దీన్నే తొక్కుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇంట్లో మంచం మీద ఉన్న మనిషిని వదిలి బయటికి వెళ్లలేనివాళ్లు, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు, వీళ్లకైతే నిస్సందేహంగా కొనమంటాను. అత్తయ్యగారు ఒక్కరోజు కూడా మానరు.

కొత్తదే కొనాలని లేదు. 2020 ఆగస్టు 5 నుంచి జిమ్ములు తెరవొచ్చన్నాక చాలా ఇళ్లలో ఇవి బట్టలు ఆరేసుకోవడానికి మిగిలిపోయాయి, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ సగం రేటుకి దొరుకుతున్నాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు నాబ్ 1 నుంచి 8 దాకా తిప్పి ప్రతి నంబరుకీ బరువు మారుతోందో లేదో చూడండి, మారకపోతే లోపల కేబుల్ తెగి ఉండొచ్చు. పెడల్ పట్టుకుని పక్కకి ఊపండి, ఇరుసు దగ్గర లూజు ఉండకూడదు. సీటు రాడ్డు మాత్రం పూర్తిగా బయటికి లాగించి చూడండి, పైకి ఎంత తళతళలాడినా లోపలుండే భాగానికి తుప్పు పట్టి ఉండొచ్చు, అమ్మేవాళ్లు బయటిది మాత్రమే తుడిచి పెడతారు.